గోరువెచ్చని నీళ్లు

మధ్యాహ్నం కావస్తోందని మా వీధిలో ఎవరూ గడియారం చూసి తెలుసుకునేవారు కాదు. లాండ్రీ అక్క వెనకవైపు తొట్టిలో చేయి ముంచి, బయటికి తీసి, తువ్వాలుకు తుడుచుకుని, మెట్ల వైపు తలెత్తి అరిచేది.

“ఏవండీ! ఇవాళ కూడా గోరువెచ్చనే!”

డాబా మీది నుంచి జవాబు వచ్చేది. “దూరాన మబ్బుందోయ్!”

మబ్బు ఎక్కడా ఉండేది కాదు. కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండలో సైతం ఆయనకు దూరాన ఒక మబ్బు కనిపించేది. అక్క ఊరుకునే మనిషి కాదు. “మీ డాబాకీ మీకూ మాటలు ఎక్కువ, వేడి తక్కువ,” అంటూ మొదలుపెట్టి, నీళ్లు కాగే దాకా, అంటే సాయంత్రం దాకా, సణుగుతూనే ఉండేది. నేను పక్క కొట్లో కుట్టుమిషను తొక్కుతూ నవ్వుకునేదాన్ని. మా రెండు కొట్లకూ నడుమ ఒకటే గోడ. అదెంత పలచనిదంటే అక్క తుమ్మితే నా సూదిలో దారం జారిపోయేది.

అక్క నాకు తోడబుట్టినదేమీ కాదు. నేను కొట్టు తెరిచిన రోజున వచ్చి, “ఏమే, నీ మిషను చప్పుడుకి నా గోడ పగిలితే నువ్వే కట్టించాలి,” అంది. ఆ మాట అన్న మనిషిని అక్క అనక ఏమంటాను? అక్క మొగుడు కాబట్టి ఆయన నాకు బావ. వీధిలో మిగతావాళ్లకు ఏ వరసా లేకపోయినా వాళ్లూ పైపుల బావ అనేవారు. ఆయన కంటే పెద్దవాళ్లు కూడా.

బావ ఒకప్పుడు మిల్లులో పైపులు బిగించేవాడు. మిల్లు మూతపడ్డాక అక్కడి పాత పైపులు ఇంటికి తెచ్చుకున్నాడు. కూతురు పుట్టి అక్క వాళ్ల అమ్మ దగ్గర ఉన్న రోజుల్లో, ఎవరినీ సాయం పిలవకుండా, డాబా నిండా పైపులను మెలికలు తిప్పి పరిచి, వాటి మీద సిమెంటు పోసి, సిమెంటు మీద నల్లరంగు పూశాడు. పైన ట్యాంకులోని చల్లనీళ్లు కాలిన డాబా కడుపులోంచి మెల్లగా పాకి, కాగి, గోడ వెంట కిందికి దిగి, లాండ్రీ వెనక తొట్టిలో పడాలి. హోటలు దుప్పట్లూ ఆసుపత్రి బట్టలూ అందులో నానాలి. కట్టె అక్కర్లేదు, పొగ ఉండదు. వీధి నవ్వింది. సూర్యుడి చేత బట్టలుతికించే మొనగాడు పుట్టాడన్నారు. బావ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

నీళ్లు వచ్చేవి. కానీ మొండి మరకలు వదిలేంత వేడి ఉండేది కాదు. ఆసుపత్రి బట్టల కోసం అక్క మళ్లీ పొయ్యి రాజేసి గుండిగ ఎక్కించాల్సి వచ్చేది. ఆమె కోపమంతా అదే. ఇంటి నెత్తిన ఇంత నలుపు పూయించుకుని కూడా కళ్లలో పొగ తప్పలేదని. బావ పైకెళ్లి వాల్వు కాస్త తిప్పి వచ్చేవాడు, రంగు ఇంకో పూత వేసేవాడు, తొట్టి చుట్టూ రంపపు పొట్టు దట్టించేవాడు. అన్నీ చేసేవాడు. నీళ్లు మాత్రం గోరువెచ్చనే.

ఒక్క మాట చెప్పాలి. అక్క లాండ్రీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇస్త్రీ బల్ల కింద నేల. చలికాలంలో నా కొట్లో బండల మీద కాలు పెడితే గుండె దాకా చలి ఎక్కేది. అక్క బల్ల దగ్గర మాత్రం హాయిగా ఉండేది. ఆమె చెప్పులు విడిచి అక్కడ నిలబడి ఇస్త్రీ చేసేది. “పెట్టెలో బొగ్గుల వేడి కిందికి దిగుతుందే,” అనేది. నేనూ అంతే అనుకున్నాను. కాజాలు, గుండీలు కుట్టే పని ఉంటే తీసుకెళ్లి బల్ల కింద పిల్లి పక్కన చేరేదాన్ని. ఆ పిల్లి ఎవరిదీ కాదు. దానికి ఆ చోటు కావాలి, అంతే. నేను కొంచెం జరగమంటే మొహం అటు తిప్పుకునేది.

కొన్నేళ్లకు అక్క పాదాలు మొద్దుబారాయి. ఒంట్లో చక్కెర ఎక్కువై నరాలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. అది బయటపడింది నా కొట్లోనే. కింద పడ్డ గుండుసూది ఒకటి ఆమె అరికాల్లో దిగింది. పొద్దున ఎప్పుడో దిగితే సాయంత్రం దాకా దాంతోనే తిరిగింది. నేల మీద ఎర్రటి చుక్కలు చూసి, “ఎవరివే ఇవి?” అని నన్నే అడిగింది. సూది లాగుతుంటే ఏడ్చింది నేను. ఆమె వేరెవరి కాలో చూస్తున్నట్టు చూసింది.

అప్పటినుంచి చెప్పులు లేకుండా అడుగు పెట్టనిచ్చేవాడు కాదు బావ. ఇస్త్రీ బల్ల దగ్గర కూడా. “ఇక్కడ అలవాటండీ, వదిలెయ్యండి,” అంది అక్క.

“అలవాటు సరే. కాలికి ఏమైనా తెలుస్తోందా?”

“ఏం తెలియాలి?”

బావ ఆమె పాదాల వైపు కాసేపు చూశాడు. మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

పోయిన ఎండాకాలం మొదట్లో ఆయన పోయాడు. ఎండలు ముదిరే ముందు డాబాకు మళ్లీ నల్లరంగు పూయడం ఏటా ఉండే పని. ఈసారి సగం పూశాక ఛాతీ పట్టేసినట్టుంది, ట్యాంకు నీడలో కూర్చున్నాడు. అక్క కింది నుంచి మామూలుగా అరిచింది, గోరువెచ్చనే అని. జవాబు రాలేదు. అలిగాడేమో అనుకుంది. ఇంకోసారి అరిచి ఇస్త్రీకి వెళ్లిపోయింది. భోజనానికి పిలుద్దామని కూతురు పైకెళ్లి చూసింది. కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి ఉంది, ఇప్పుడే వస్తానని లేచిన మనిషి పెట్టినట్టు.

అక్క ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించింది, మంచినీళ్లు ఇప్పించింది. ఎదురింటావిడ నా చెవిలో, “ఎంత రాతిగుండెమ్మా,” అంది. నాకు ఒళ్లు మండింది. “కన్నీళ్లు కొలిచి తీసుకెళ్దామని చెంబు తెచ్చుకున్నారా?” అన్నాను. ఆవిడ ఇప్పటికీ నా దగ్గర బట్టలు కుట్టించుకోదు. పీడా పోయింది.

అంతా అయిపోయిన మర్నాడే అక్క ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసింది. బావ చొక్కాలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి, అడిగినవాళ్లకు ఇచ్చేసింది. ఇస్తున్నప్పుడు కాలర్లు సరిచేసింది కూడా. చూడలేక నేను లేచి వచ్చేశాను. తరువాత ఒక రోజు తనే చెప్పింది.

“నాకేమీ అనిపించడం లేదే. అన్నం తింటే అన్నమని తెలుస్తోంది, రుచి తెలియడం లేదు. ఆయన పోయాడనీ తెలుస్తోంది. అంతే. సూది దిగినప్పుడు కాలు ఎలా ఉందో అలా ఉంది.”

“డాక్టరమ్మకు చూపించుకో అక్కా,” అన్నాను. అంత తెలివితక్కువ మాట నేను జీవితంలో ఇంకోటి అనలేదు.

పని మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం తొట్టిలో చేయి పెడుతుంది, తీస్తుంది, తుడుచుకుంటుంది. అరవదు. పొయ్యి రాజేసుకుని గుండిగ ఎక్కిస్తుంది. నేను గోడకు ఇవతల మిషను ఆపి ఎదురుచూసేదాన్ని. ఒకసారి పట్టలేక వెళ్లి, “ఒక్కసారి తిట్టవే అక్కా,” అన్నాను. “ఎవర్ని?” అంది. నిజంగానే అడిగింది.

చలికాలం మొదలయ్యాక నీళ్లు పోవడం మొదలైంది. పైన ట్యాంకు నింపిన నీళ్లు తెల్లవారేసరికి సగానికి దిగిపోయేవి. లాండ్రీ గోడకు అడుగున చెమ్మ కనిపించింది. అక్క మరిది వచ్చి చూశాడు. ఆయన ఇళ్లు కట్టించే పనిలో ఉంటాడు. వీధిలో ఆయనకు తొందరాయన అని పేరు. వడ్డించకముందే చేయి కడుక్కుని లేచిపోయే రకం. మనిషి చెడ్డవాడు కాదు. అన్న పోయినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చింది ఆయనొక్కడే.

“డాబాలో ఎక్కడో పైపు పగిలింది వదినా,” అన్నాడు. “ఆ తడి స్లాబులోకి దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టిపోతుంది. కప్పు కూలి నెత్తిన పడుతుంది. మొత్తం పగలగొట్టి పైపులు పీకేద్దాం. కరెంటు హీటరు పెట్టిస్తాను, హాయిగా ఉంటుంది.”

“మీ ఇష్టం,” అంది అక్క.

కూతురు తడి దుప్పటి చేతిలో పట్టుకునే వచ్చింది. బావ నెమ్మదితనమూ అక్క మొండితనమూ కలిసిన పిల్ల. “అదేంటమ్మా, అది నాన్న చేసింది!”

“నాన్నే లేడు కదే,” అంది అక్క. గొంతులో కోపం లేదు, బాధ లేదు. కరెంటు లేదు అన్నట్టు అంది.

“పగులు ఎక్కడుందో చూడకుండానే డాబా పగలగొడతావా బాబాయ్?”

“ఎలా చూస్తావమ్మా? పైపులు ఎటెటు పోయాయో మీ నాన్నకు తప్ప ఇంకెవరికి తెలుసు? ఆదివారం పొద్దున పనివాళ్లను తీసుకొస్తున్నా. ఈలోగా నువ్వు చూపిస్తే పగిలిన చోటే తవ్విస్తా. లేదంటే అంతా తీయించేస్తా. మీ అమ్మ నెత్తిన కప్పు పడితే నన్నడుగుతుంది లోకం.”

ఆ సాయంత్రం పిల్ల నా కొట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. “చొక్కాలు అమ్మ ఇచ్చేసింది పిన్నీ. నాన్నది అంటూ ఆ డాబా ఒక్కటే మిగిలింది. అది కూడా పోతుంటే అమ్మ మీ ఇష్టం అంటోంది.” నాకూ ఏడుపొచ్చింది. అక్క ఒక్కర్తే గోడ అవతల దుప్పట్లు మడతలు పెడుతూ ఉంది. మడత వేసి అరచేత్తో తట్టడం వినిపిస్తూనే ఉంది.

ఏడ్చి ఏడ్చి పిల్ల ఉన్నట్టుండి తలెత్తింది. “పిన్నీ, మంచు,” అంది.

చిన్నప్పుడు చలికాలం పొద్దున్నే నాన్న తనను డాబా మీదికి ఎత్తుకెళ్లేవాడట. పైపుల్లో చిలుము వదలడానికి తొట్టిలో మిగిలిన వెచ్చని నీళ్లను చిన్న మోటారుతో ఎదురు పంపేవాడట. డాబా అంతా మంచుకు తడిసి ఉన్నా, పైపులున్న చోట ఆరిపోయి గీతలు పడేవట. ఆ గీతల మీద తను తొక్కుకుంటూ ఆడుకునేదట. “మర్చేపోయాను పిన్నీ,” అంటూ ముక్కు తుడుచుకుంది.

బావతో మిల్లులో పనిచేసిన మేస్త్రీని పిలిపించాం. ఆయనను గొణుగుడు మేస్త్రీ అంటారు. మనతో మాట్లాడుతున్నాడో మీసంతో మాట్లాడుతున్నాడో తేల్చుకోవడం కష్టం. విషయం విని, “ఊఁ, పడతాయి, పడొచ్చు,” అన్నాడు మీసంతోనే.

ఆదివారం ఇంకా ఎండ రాకముందే డాబా మీద చేరాం. తొందరాయన మా అందరికంటే ముందే వచ్చేశాడు. పనివాళ్లు సుత్తులు ఆనించుకుని కింద అరుగు మీద కూర్చున్నారు. డాబాలో సగం కొత్త నలుపు, సగం ఎండకు వెలిసిన పాత నలుపు. బావ ఆపిన చోట కుంచె గీత ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అంతటా మంచు సన్నగా పట్టింది. నేను శాలువా చుట్టుకుని నిలబడ్డాను, పళ్లు టకటకమంటున్నాయి.

మేస్త్రీ గోడ దగ్గర దిగే పైపు వాల్వు కట్టేసి, మోటారు గొట్టం తగిలించి, రంపపు పొట్టు చలవతో ఇంకా వెచ్చగానే ఉన్న తొట్టిలోని నిన్నటి నీళ్లు డాబా పైపుల్లోకి ఎక్కించాడు. మొదట ఏమీ కాలేదు. తొందరాయన అటూ ఇటూ తిరిగాడు. “చూశారా, ఇదంతా కాలక్షేపం,” అన్నాడు. కింద పనివాళ్లలో ఒకడు దగ్గాడు. కాసేపటికి ఒక మూల తడి పలచబడింది. ఆ మూల నుంచి వేలి వెడల్పు గీత ఒకటి బయలుదేరి, పిట్టగోడ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగింది. దాని పక్కనే ఇంకోటి. మా కళ్ల ముందే డాబా అంతా గీతలు తేలుతూ వచ్చాయి. ఎక్కడా ఒకదాన్ని ఒకటి తాకలేదు. మలుపులన్నీ ఒకేలా గుండ్రంగా ఉన్నాయి. ఇరవై రకాల సుద్దముక్కలున్నా నేను అంత శుభ్రంగా గుడ్డ మీద గీయలేను.

పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తొందరాయన తిరగడం మానేశాడు. “మా అన్న గీతే ఇది,” అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

ఎక్కడా నీళ్లు ఊరలేదు. గొట్టం చివర నిలిచిన నీళ్లు వెంట్రుక వాసి కూడా దిగలేదు. “డాబా గట్టిగానే ఉంది,” అని మేస్త్రీ తేల్చాడు. తొందరాయన కిందికి తొంగి చూసి, వెళ్లి టీ తాగండి అని పనివాళ్లకు చెప్పాడు. అప్పుడు చూశాను, అక్క మెట్ల చివర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఎండ తగిలి మంచు మొత్తం ఆరిపోతోంది, గీతలు కలిసిపోతున్నాయి.

“చూశావా అమ్మా?” అంది కూతురు.

“చూశాను. వంకర లేదు,” అంది అక్క. రెయిలింగు పట్టుకుని, కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ దిగి వెళ్లిపోయింది. ఆమెకు ఏమైనా అనిపించిందా అని ఆమె వీపు వైపు చూశాను. వీపు ఏం చెబుతుంది!

మరి నీళ్లెటు పోతున్నట్టు? మేస్త్రీ గోడ వెంట దిగే పైపును పట్టుకుని కిందికొచ్చాడు. చెమ్మ ఉన్న చోట గోడ అడుగున తవ్వాడు. పైపు అక్కడి నుంచి కుడివైపు తిరిగి తొట్టిలోకి పోవాలి. పోలేదు. ఎడమవైపు తిరిగి లాండ్రీ గదిలోకి, నేల కిందికి దూరింది.

“ఇదేంటి, వీడికేమైనా పిచ్చా?” అన్నాడు మేస్త్రీ. మీసంతో కాదు, అందరికీ వినపడేలా.

బండ తరువాత బండ ఎత్తుతూ పోయారు. పైపు నేరుగా ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయింది. బల్ల పక్కకు జరిపారు. పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, మా అందరినీ అసహ్యంగా చూసి బయటికి నడిచింది. అది పడుకున్న బండ లేపితే తడిమట్టి వాసనతో పాటు సన్నగా ఆవిరి లేచింది. బల్ల కింద, మనిషి నిలబడి ఇస్త్రీ చేసేంత మేర, పైపు దగ్గరదగ్గరగా చుట్టలు చుట్టి ఉంది. అన్ని చుట్లూ తిరిగాక గానీ వెనక తొట్టి వైపు వెళ్లలేదు. ఒక అతుకు దగ్గర తుప్పుపట్టి నీళ్లు కారుతున్నాయి.

నేను ఆ బండ మీద చేయి పెట్టాను. నా చలికాలాలన్నీ ఆ బండ మీదే గడిచాయి.

“ఎప్పుడు వేశాడు ఇది?” అన్నాడు తొందరాయన.

“డాబా వేసినప్పుడే,” అంది అక్క. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. “ఈ పిల్లను కనడానికి వెళ్లే ముందు చలికాలంలో, నిలబడి నిలబడి కాళ్లు కొంకర్లు పోతున్నాయని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. నేనొచ్చేసరికి ఈ బండలు కొత్తగా వేసి ఉన్నాయి. పాతవి పగిలాయి, మార్చాను అన్నాడు.” మేస్త్రీ వైపు తిరిగి అడిగింది. “అందుకేనా నీళ్లు గోరువెచ్చగా వచ్చేవి?”

“అందుకే వదినా,” అన్నాడు మేస్త్రీ తల దించుకుని. “వేడి సగం ఇక్కడే నేలలో దిగిపోయేది. మిగిలిందే తొట్టికి పోయేది.”

అన్నేళ్లపాటు ఈ మనిషి రోజూ తిట్లు తింటూ, ఒక్క రోజూ నోరు జారకుండా, దూరాన మబ్బుంది అన్నాడు. నాకు బావ మీద కోపం వచ్చింది. చెబితే ఏం పోయేది? అక్క తీసేయమంటుందని భయపడ్డాడేమో. అనేది కూడా, ఆ మాట నిజమే. ఆమెకు ఎప్పుడూ పని ముందు, కాళ్లు తరువాత.

మేస్త్రీ మట్టి చేతులు దులుపుకున్నాడు. “ఇప్పుడు రెండు దారులు. ఈ చుట్టలన్నీ తీసి కొత్త పైపుతో మళ్లీ ఇలాగే వేస్తాను, బండలు మూసేస్తాను. లేదంటే గోడ దగ్గరే కోసి నేరుగా తొట్టికి కలిపేస్తాను. అలా అయితే నీళ్లు పొగలు కక్కుతాయి.”

“మళ్లీ ఇలాగే వెయ్యండి,” అంది కూతురు వెంటనే. “నాన్న వేసినట్టే.”

“వద్దు. కలిపెయ్యి,” అంది అక్క.

“అమ్మా!”

“ఎవరి కోసమే? నా కాళ్లకు తెలియదు. ఎన్నాళ్ల నుంచో తెలియదు. నీళ్లు కాగితే పొయ్యి పని తప్పుతుంది, నీకు సుఖం.”

“నీకు తెలియకపోతే మాకు తెలుస్తుంది,” అన్నాను నేను ఆపుకోలేక. “ఆ మనిషి అంత చేస్తే ఇంత తేలిగ్గా ఎలా తీసేయమంటావు అక్కా?”

“నువ్వెళ్లి నీ మిషను తొక్కుకో,” అంది. ఆ మాటలో కూడా కోపం లేదు. ఉంటే బాగుండేది.

మేస్త్రీ అక్క చెప్పినట్టే చేశాడు. పైపు కోసి తొట్టికి కలిపాడు, నేల కింది చుట్టలు అలాగే వదిలేసి బండలు మూశాడు. డాబా మిగిలింది కాబట్టి కూతురు ఇంకేమీ అనలేదు. బల్లను మళ్లీ దాని చోట పెట్టారు. సాయంత్రం పిల్లి వచ్చి బండ వాసన చూసి, ఒక కాలు పెట్టి తీసి, వెళ్లిపోయింది. తరువాత అది డాబా మీదే కనిపించేది.

మర్నాడు ఎండ బాగా కాసింది. నేను ఒక పెళ్లిబట్ట కుడుతున్నాను, తొందరపడాల్సిన పని. మధ్యాహ్నం కావస్తుంటే గోడవతల తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు విన్నాను. అక్క అడుగుల చప్పుడు విన్నాను. ఎప్పటిలాగే చేయి ముంచి ఉంటుంది.

“అబ్బా!”

ఆ కేకకు నా కాలు మిషను మీద ఆగిపోయింది.

“ఏవండీ!” అని అరిచింది అక్క. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. వీధి చివరి దాకా వెళ్లే గొంతు. “ఏవండీ, కాగాయండీ! నీళ్లు కాలుతున్నాయండీ!”

నేను లేచి పరుగెత్తాను. ఆమె తొట్టి దగ్గర నిలబడి, తడిచేయి అలాగే గాల్లో పట్టుకుని, మెట్ల వైపు తలెత్తి ఉంది. ముఖం నిండా సంతోషం. పెళ్లయిన కొత్తలో ఎలా ఉండేదో నాకు తెలియదు కానీ అలాగే ఉండి ఉంటుంది. పైనుంచి మాట వస్తుందని ఎదురుచూస్తోంది. దూరాన మబ్బుందన్న మాటకు ఎదురు చెప్పడానికి పెదవులు కూడా కదిపింది.

పైన పిల్లి పిట్టగోడ మీద నుంచి దూకిన చప్పుడైంది. ఇంకేమీ లేదు.

“ఏవండీ,” అంది మళ్లీ. ఈసారి మెల్లగా.

నేను చన్నీళ్ల చెంబు తెచ్చి చేయి పట్టుకోబోతే విదిలించుకుంది. ఇస్త్రీ బల్ల దాకా నడిచి, బల్ల కాలు పట్టుకుని కిందికి దిగి నేల మీద కూర్చుంది. ఎర్రబడిన చేయి ఒళ్లో పెట్టుకుంది. రెండో చేయి చాచి, తను ఎప్పుడూ నిలబడే బండ మీద ఆనించింది. అక్కడా ఇక్కడా తడిమి చూసింది. తరువాత నా వైపు తిరిగింది. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి.

“చల్లగా ఉందే,” అంది.